చీటీ ఆయన వచ్చాడు

“సిస్టమ్ పడిపోయింది హాజీగారూ, లేచేదాకా కూర్చోండి” అంది అద్దం వెనకావిడ. ఆ మాట పొద్దుటినుంచి ఎంతమందితో చెప్పిందో, గొంతులో విసుగు కూడా అరిగిపోయి ఉంది. షుక్రీ మాస్టారు సరేనని తలూపి వెనక్కి తిరిగితే హాలంతా తడి కోట్లూ తడి గొడుగులూ, ఒక్క కుర్చీ ఖాళీ లేదు. గోడవారన కూర్చున్న ఓ లావుపాటావిడ పక్క కుర్చీలోంచి ఆకుకూరల సంచీ తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. “రండి, కూర్చోండి. ఎవరైనా పెద్దాయన వస్తే ఇద్దామని ఆపి ఉంచా.” కూరల కోసమే ఆ కుర్చీ అని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ మాట అనడానికి ఆవిడకి తట్టింది కదా, అదే చాలనుకుని కూర్చున్నాడు. కోటు లోపల చెయ్యి పెట్టి ప్లాస్టిక్ కవరు తడిమి చూసుకున్నాడు. తడవలేదు. అందులో భార్య అఫ్కార్ మరణ పత్రం ఉంది, కోర్టు ఇచ్చిన వారసుల పత్రం ఉంది. టోపీ మాత్రం పిండితే నీళ్ళు కారేలా ఉంది. కాసిం గాలివాన మధ్యాహ్నం దాటితే గానీ రాదు, గొడుగెందుకు అని పొద్దున తనే అన్నాడు. చలికాలపు గాలివానలకి చుట్టాలకి పెట్టినట్టు పేర్లు పెట్టుకునే ఊరిలో పుట్టకపోయినా, జీవితమంతా మగపిల్లల బడిలో భూగోళం చెప్పిన ధీమా అది. “కాసిం నిన్నడిగి వస్తాడా మావయ్యా” అని సుహైలా చేతిలో పెట్టబోయిన గొడుగుని తలుపు వెనక తగిలించేసి మరీ వచ్చాడు. ట్రామ్ దిగేసరికి కాసిం వచ్చి కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తే సముద్రం కార్నిష్ రోడ్డు గోడ దూకి కార్ల మీద పడుతోంది.

మావయ్యా అని పిలుస్తుంది. అఫ్కార్‌ని అమ్మా అనేది, తనని మావయ్యా అంటుంది. బయటివాళ్ళు వింటే ఆగి ఒకసారి మొహం చూస్తారు. ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ వింతగా లేదు. ఇప్పుడు ఈ కుర్చీలో, వేడి రాని హీటరు పక్కన, ఆ పిలుపు గురించే ఎందుకు ఆలోచిస్తున్నాడో తెలుసు. ఆ అద్దం వెనక, పడిపోయిన సిస్టమ్ లోపల ఎక్కడో, అఫ్కార్ నెలనెలా కట్టిన సొమ్ము ఎవరికి చేరాలో ఆవిడే చెప్పి రాయించిన ఒక పేరు ఉంది. అది ఎవరి పేరు అన్నదే సంగతి. తన పేరైతే తనది, బావమరిది ఇస్మత్ పేరైతే అతనిది, అసలే పేరూ లేక ఖాళీగా వదిలేస్తే వారసులకి పోతుంది, అంటే సగం ఇస్మత్‌కి. సుహైలా పేరైతే సుహైలాది. వేరే ఎవరూ తాకలేరు. ఫ్లాటు అఫ్కార్ పేరు మీదిది, దాంట్లో సగం ఇస్మత్ వాటా. సుహైలాకి చట్టంలో ఒక ఇటుక కూడా రాదు. అనాథాశ్రమం నుంచి పెంచుకోవడానికి తెచ్చుకున్న పిల్లకి ఇంటి పేరూ లేదు, వారసత్వమూ లేదు. ఆఫీసు వాళ్ళు ఊహించి రాసిన తండ్రి పేరే ఆ పిల్ల కార్డు మీద ఉంది, ఎవరో అబ్దల్లా, ఎక్కడా లేని మనిషి. ఇస్మత్ చెడ్డవాడు కాదు. వస్తే పళ్ళు తెస్తాడు, సోఫా అంచున కూర్చుంటాడు. “బావా, నాకేం తొందర లేదు. నా కొడుకులకుంది” అన్నాడు పోయినసారి, నిజంగా సిగ్గుపడుతూ. సుహైలా వంటింట్లోంచి టీ తెచ్చి, చక్కెర ఎంతో అడక్కుండానే వేసి ఇచ్చింది. చిన్నప్పటినుంచీ తెలుసు కదా. ఆ టీ తాగలేక తాగాడు పాపం. మందుల షాపులో నిలబడి చేసే ఉద్యోగంతో ఆ పిల్ల ఆ సగాన్ని ఎప్పటికి కొనగలదు? తనకి ఆస్తంటూ ఉన్నది ఆ ఫ్లాట్లో మిగతా సగమే, తన గుండె చూస్తే డాక్టరు ప్రతిసారీ మాట మార్చి ఫుట్‌బాల్ గురించి మాట్లాడతాడు.

బయట ఉరిమింది. లైట్లు ఒక్కసారి కునికి మళ్ళీ వచ్చాయి. “అయిపోయింది, లేవబోతున్నది కూడా మళ్ళీ పడుకుంది” అన్నాడు ఎదుటి వరసలో ఒకాయన. “మా ఆయనా అంతే, వాన పడితే లేవడు” అంది లావుపాటావిడ. హాలు నవ్వింది. అద్దం వెనకావిడ కూడా నవ్వు దాచుకోవడానికి తల దించుకుంది. ఆవిడ పేరు ఇనాస్ అని మెడలో బిళ్ళ మీద ఉంది. వానంటే పప్పు సూపు. ఇప్పుడు ఊరు ఊరంతా ఎర్ర కందిపప్పు ఉడుకుతూ ఉంటుంది. అఫ్కార్ మొదటి ఉరుముకే కుక్కరు పెట్టేది. జీలకర్ర నూరుతూ, నిమ్మకాయలున్నాయా చూడండి అని కేకేసేది. ఎప్పుడూ ఉండేవి, అయినా అడిగేది. బడిలో ఆడపిల్లలకి కుట్లూ వంటా నేర్పే టీచరమ్మ, అందరూ అబ్లా అనే అఫ్కార్ ఇంట్లో నిమ్మకాయలు లేకపోవడమా. నెలనెలా ఒక సాయంత్రం గంట మోగేది. తను బాల్కనీలోంచి కిందికి చూసేవాడు. పొట్టి మనిషి, పాత తోలు సంచీ, సంచీ మీద ఎగిరే కొంగ బొమ్మ. “అఫ్కార్, చీటీ ఆయన వచ్చాడు” అని లోపలికి చెప్పేవాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, కవరు ఇచ్చి, ఆయన ఇచ్చిన కాగితం ముక్క జేబులో వేసుకుని, టీ తాగి వెళ్ళండి అనేది. మేడలో ఆడవాళ్ళంతా కలిసి నడిపే వంతుల చీటీ ఉంది, పెళ్ళైన కొత్తలో అఫ్కార్ అందులో ఉండేది, ఫ్రిజ్ ఆ చీటీతోనే కొన్నారు. అందుకని డబ్బు కోసం వచ్చిన మనిషిని చూడగానే చీటీ ఆయన అనుకున్నాడు. అఫ్కార్ అబద్ధం ఆడలేదు. ఎప్పుడూ ఆడలేదు. ఆ పేరు పెట్టింది తను. ఆవిడ కాదనలేదు, అంతే. అప్పటికి అమ్మ బతికే ఉంది, హాల్లో మంచం మీద తస్బీహ్ జపమాల తిప్పుతూ ప్రతి గంటకీ చెవి ఒగ్గేది. “ఎవర్రా?” “చీటీ ఆయనమ్మా.” “చీటీ అయితే సరే” అనేది. మనిషి ప్రాణానికి బీమా కట్టడమంటే దేవుడితో పందెం వేసినట్టే అని అమ్మ నమ్మకం. రేడియోలో ఆ ప్రకటన వస్తే గుడ్డ కప్పేసేది, ఆపడం ఎలాగో తెలియక. అంచేత ఆ మాట ఇంట్లోకి రాకుండా తనే తలుపు దగ్గర కాపలా కాశాడు, అన్నేళ్ళు, తెలియకుండానే. ఇది తలుచుకుంటే నవ్వొస్తుంది. కాపలావాడికి జీతం కూడా లేదు.

అఫ్కార్ పోయిన నలభయ్యో రోజున, ఖురాన్ చదివేవాళ్ళు వెళ్ళిపోయి చేదు కాఫీ కప్పులు కడుగుతుంటే చీటీ ఆయన వచ్చాడు. ముసలివాడైపోయాడు, సంచీ లేదు, చెయ్యి పట్టుకున్నాడు. “అబ్లా ఒక్క నెల తప్పలేదు మాస్టారూ. ఇక మీరు వెళ్ళి చూసుకోండి.” తర్వాత తలుపు దగ్గర తిరిగి, “మంచి టీ ఇచ్చేది” అన్నాడు. చూసుకోండి అంటే చీటీలో ఇంకా కట్టాల్సింది ఉందేమో అనుకున్నాడు. పోయినవాళ్ళ మీద బాకీ ఉంచకూడదు కదా, ఎంత చిన్నదైనా సరే, అది తీరేదాకా వాళ్ళకి విశ్రాంతి ఉండదంటారు. అఫ్కార్ కూరగాయలవాడికి ఉన్నదీ, దర్జీ దగ్గర ఉన్నదీ మొదటివారంలోనే ఇచ్చేశాడు. మర్నాడే జేబులో డబ్బు పెట్టుకుని మూడో అంతస్తుకి దిగి తహానీ తలుపు కొట్టాడు. చీటీ ఇప్పటికీ ఆవిడే నడుపుతుంది. “మా ఆవిడ వాయిదాలు ఎన్ని మిగిలాయో చెప్పమ్మా, కట్టేస్తాను.” తహానీ చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయింది. “ఏ చీటీ మాస్టారూ? అబ్లా చీటీ మానేసి ఎన్నేళ్ళయింది! సుహైలాని తెచ్చుకున్న ఏడాదే మానేసింది. చేతిలో పిల్లతో చీటీ ఎక్కడ కడతానే అంది.” “మరి ఆ కొంగ బొమ్మ సంచీ ఆయన?” “ఆయనా? అయ్యో దేవుడా” అని చెంపలు వాయించుకుంది తహానీ. “ఆయన బీమా ఆయన! మా అత్తకి కూడా అంటగడదామని వచ్చాడు, ఆవిడ చెప్పు తీసింది. అన్నేళ్ళూ ఇంటికొచ్చి టీ తాగి వెళ్తుంటే ఎవరని అడగలేదా మీరు? లోకంలో ఉన్న నదులన్నీ తెలుసు గానీ!” ఆ దెబ్బ బావుంది. ఇప్పటికీ తలుచుకుంటాడు. లోపలికి పిలిచి కూర్చోబెట్టింది, ఏడ్చింది, ఒక పళ్ళెం నిండా బియ్యం కూరి వండిన పొట్లకాయ దోల్మా కట్టి పంపింది. అప్పటినుంచి కొంగని వెతకడం. ముసలాయన్ని అడుగుదామంటే ఏ వీధో తెలియదు. కొంగ బొమ్మ ఉన్న కంపెనీ ఏదీ ఊళ్ళో లేదు. ఒక ఆఫీసులో లేదన్నారు, ఇంకో ఆఫీసులో మరణ పత్రం చూసి నిలబడి సంతాపం చెప్పి మరీ లేదన్నారు. ఆ నిలబడటం అతనికి గుర్తుండిపోయింది. చివరికి అక్కడే ఎవరో, కొంగ కంపెనీని ఎప్పుడో పెద్ద కంపెనీ కలిపేసుకుంది, వాళ్ళ దగ్గరికి వెళ్ళండి అన్నారు. అలా ఇక్కడికి.

లావుపాటావిడ సంచీలోంచి నువ్వుల రొట్టె తీసి, చక్రంలా ఉన్నదాన్ని రెండుగా విరిచి, పెద్ద ముక్క ఇటు చాచింది. “తినండి. సిస్టమ్ లేచేసరికి మనం పడిపోతాం.” వద్దంటే ఊరుకునే మనిషి కాదని చూస్తే తెలుస్తోంది, తీసుకున్నాడు. నువ్వులు కోటు మీద రాలాయి. సుహైలా చిన్నప్పుడు నువ్వులన్నీ ఏరుకుని తిని, బోడి రొట్టె తన పళ్ళెంలో పెట్టేది. అంతకుముందు, పళ్ళు కూడా రాకముందు, కౌసర్ దమన్‌హూర్ నుంచి రైల్లో వచ్చింది, చంకలో తన పిల్లాడు. కౌసర్ తన చెల్లెలు. ఇంట్లోకి ఆడపిల్లని తెచ్చుకుంటే రేపు పెద్దదయ్యాక నీ ముందు తల కప్పుకుని తిరగాలి, ఒకే ఇంట్లో పరాయి మగవాడివి అవుతావు, ఇదేం పెంపకంరా అని అమ్మ గొడవ. దానికి ఒకటే దారి. తన తోడబుట్టినది పాలిస్తే ఆ పిల్లకి కౌసర్ పాలతల్లి అవుతుంది, తను మావయ్య అవుతాడు, ఇక పరాయితనం ఉండదు. కౌసర్ చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా, “ఇటివ్వండి దాన్ని” అని కూర్చుంది. కడుపు నిండా అయిదుసార్లు తాగాలి, అప్పుడే లెక్క. ఒద్దు ఒద్దన్న అమ్మే తస్బీహ్ పూసలు పక్కకి జరిపి లెక్కపెట్టింది. సుహైలా మొదట మొహం తిప్పుకుంది, ఆ కొత్త వాసన నచ్చక. తర్వాత పట్టుకుంది. కౌసర్ కొడుకు పక్కన కూర్చుని, తన పాలు దోచుకుపోతున్నారని ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. మర్నాటికి అయిదో పూస జరిపి అమ్మ అంది, “చాల్లే. ఇక ఇది నీ మేనకోడలు. ఇలా తే, నేను ఎత్తుకుంటా.” అప్పటిదాకా ముట్టుకోలేదు. అందుకే మావయ్యా. అందుకే పదిహేనేళ్ళ పిల్ల తలంటుకుని జుట్టు విరబోసుకుని ఎండలో తన పక్కనే కూర్చుని, టాంగనీకా సరస్సు లోతెంత మావయ్యా అని అడగగలిగేది. ఆ జుట్టు ఆరే వాసన ఒక ఇంట్లో ఉండటమంటే మామూలు సంగతా. కానీ పాలకి అంతవరకే బలం. ఆశ్రమం అధికారి కాగితాలు సర్దుతూ మర్యాదగానే చెప్పాడు, పాలతో ముసుగు పోతుంది గానీ వారసత్వం రాదని. ఆ సాయంత్రం తను, దేవుడు చూసుకుంటాడులే అన్నాడు. అలా అనడం తనకి అలవాటు, నిజంగానే నమ్ముతాడు కూడా. అఫ్కార్ పాపకి గౌను కుడుతోంది. దారం పళ్ళతో తెంపింది. ఆ చప్పుడు, టప్‌మని, ఇప్పుడెందుకు వినిపించింది? ఆ ఏడాదే చీటీ మానేసింది. కొంగ సంచీ ఆయన మొదటిసారి గంట కొట్టింది ఆ చలికాలమే అయి ఉండాలి, పాప గౌనుకి ఉన్న కుందేలు బొత్తాలు గుర్తున్నాయి, తలుపు తీసినప్పుడు తన చంకలో అదే ఉంది.

అయి ఉండాలి. కాకపోతే? ఇస్మత్ అప్పుడు దుబారాలో పడి అప్పులు చేసిన రోజులు కూడా అవే. తమ్ముడంటే అఫ్కార్‌కి ప్రాణం, వాళ్ళమ్మ పోయాక వాడికి అన్నం కలిపి పెట్టింది ఆవిడే. వాడి పేరు రాసి ఉంటే తప్పేముంది. తప్పు లేదు, తను ఇక్కడినుంచి లేచి వెళ్ళి ఆ సంగతి ఇస్మత్‌కి చెప్పాలి, వాడు సంతోషించలేక సంతోషిస్తాడు, సుహైలా టీ పెడుతుంది. సుహైలాకి తను ఈ పాలసీ సంగతి చెప్పలేదు. పింఛను కాగితాల పని అన్నాడు. చెప్పి, తీరా లేకపోతే? లేని తండ్రి పేరు మోస్తున్న పిల్లకి, లేని ఇంకో దాన్ని చూపించడం ఎందుకు. రొట్టె పొలమారి దగ్గాడు. పక్కావిడ చూడకుండానే నీళ్ళ సీసా అందించింది.

“లేచింది, లేచింది!” అని ఎవరో అన్నారు. హాలంతా పెళ్ళివారు దిగినట్టు కదిలింది. పక్కావిడ పని ముందు అయిపోయింది, సంచీ ఎత్తుకుని, “మీదీ అవుతుంది హాజీ, దేవుడి దయ” అని వెళ్ళిపోయింది. తర్వాత ఇనాస్ తన పేరు పిలిచింది. లేచి వెళ్ళాడు. అద్దం కింద సందులోంచి కవరు తోశాడు. ఆవిడ అఫ్కార్ పేరు కొట్టింది, అఫ్కార్ తండ్రి పేరు, తాత పేరు. కొట్టి ఆగింది. “దేవుడు ఆవిడని చల్లగా చూడాలి. ఉంది మాస్టారూ, పాలసీ ఉంది.” వారసుల పత్రం విప్పి వేలితో చదివింది. తెర చూసింది. మళ్ళీ పత్రం. “కానీ ఇందులో మీ పేరు లేదు. ఈ ఇస్మత్ గారి పేరూ లేదు. ఏమనుకోకండి.” ఏమనుకోవాలి. అతను అద్దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. “వేరే ఒకావిడ ఉంది. సుహైలా అబ్దల్లా. సంబంధం దగ్గర కూతురు అని ఉంది. మరి ఈ పత్రంలో కూతురే లేదు కదా, అబ్దల్లా అంటే మీరూ కాదు. ఎవరండీ ఈమె?” ఆవిడ గొంతు తగ్గించింది. అది అనుమానం కాదు, మర్యాద. ఎవరిదో ముసలాయన పరువు హాలు మధ్యలో పడకూడదని. ఆ మర్యాదకి అతని కళ్ళు తడయ్యాయి. కూతురు అని చెప్పిందట. కంపెనీలో, ముక్కూ మొహం తెలియని గుమాస్తాకి, ఎవరూ ఒప్పుకోని ఆ మాటని, తడుముకోకుండా. ఆ ఒక్క మాట వల్ల ఇప్పుడు అంతా ఆగిపోతుందా? అబద్ధం చెప్పారు కాబట్టి చెల్లదు అంటారా? ఏదో ఒకటి సర్ది చెప్పవచ్చు. మాస్టారికి సర్ది చెప్పడం రాదు.

“మా ఆవిడకి కూతురండి” అన్నాడు. “నాకు మేనకోడలు.”

ఇనాస్ చేతులు ఆగిపోయాయి. “అదెలా కుదురుతుంది?”

“మా చెల్లెలు పాలిచ్చింది. పెంచుకున్నాం.”

ఆవిడ ఫక్కున నవ్వింది, తర్వాత నవ్వినందుకు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “మా పిన్ని కూడా ఇలాగే పెంచుకుంది, పిల్లాణ్ణి. మా అమ్మ పాలు. ఇప్పుడు వాడు నన్ను అక్కా అని డబ్బులడుగుతాడు.” మళ్ళీ తెర వైపు తిరిగి, మామూలు గొంతుతో, “మీ ఆవిడ ఆ అమ్మాయి కార్డు నంబరు రాయించింది, పుట్టిన కాగితం మీదది. అది సరిపోతే చాలు. సంబంధం ఏదన్నది నాకు అక్కర్లేదు, పేరూ నంబరే చూస్తాం. వారసుల పత్రంతో పనే లేదు, ఇది తీసేసుకోండి” అని ఆ కాగితాన్ని సందులోంచి వెనక్కి తోసింది. కోర్టు చుట్టూ తిరిగి తెచ్చిన కాగితం, చల్లగా, దేనికీ పనికిరాకుండా చేతిలోకి వచ్చింది. “ఆ అమ్మాయి రావాలి. కార్డుతో. మీరు కాదు. ఇవాళ సిస్టమ్ ఉండగా అయితే మంచిది, రేపు మళ్ళీ దాని ఇష్టం.”

ఫోను తడి జేబులోంచి తీశాడు. రెండో గంటకే ఎత్తింది సుహైలా. వెనక మందుల షాపులో ఎవరో దగ్గుతున్నారు. “తడిశావా మావయ్యా?” “తడిశాను.” “చెప్పానా లేదా? కాసిం నిన్నడిగాడా?” “అడగలేదు. నువ్వు సెలవు పెట్టి రా. మన్షియాలో పెద్ద బీమా ఆఫీసుంది, ట్రామ్ దిగగానే. కార్డు తెచ్చుకో.” “నా కార్డెందుకు? నీ పింఛనుకి నా కార్డు ఏం చేస్తుంది, అబ్దల్లాగారి కూతుర్ని” అని నవ్వింది. ఆ నవ్వు ఆ పిల్లకి అలవాటే, నవ్వుతూ ముందే తప్పుకోవడం. “పింఛను కాదు. ఇక్కడ నీ పేరు పిలుస్తున్నారు” అన్నాడు. “నా పేరు ఎవరు పిలుస్తారు?” “వచ్చాక చెప్తాను. ఇది మీ అమ్మ చేసిన పని, ఫోనులో చెప్తే పాడవుతుంది. గొడుగు వేసుకుని రా.” “రెండు గొడుగులు తెస్తా” అని పెట్టేసింది.

మళ్ళీ వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. పక్కావిడ కుర్చీ కింద ఒక కొత్తిమీర కొమ్మ పడి ఉంది. కిటికీ అవతల కాసిం ఇంకా తన పని తను చేసుకుంటున్నాడు. ఇంటికి వెళ్తూ నిమ్మకాయలు కొనాలి, ఈసారి నిజంగానే లేవు. తడి టోపీ తీసి పక్క కుర్చీ మీద పెట్టాడు. తలుపు తెరుచుకుంది, చలిగాలితో పాటు నలుగురు కొత్తగా వచ్చారు, అందులో ఒకాయన గొడుగు దులుపుకుంటూ ఇటు వచ్చి కుర్చీని చూపించాడు. “ఇక్కడ ఎవరైనా ఉన్నారా హాజీ?”

“ఉన్నారండి” అన్నాడు షుక్రీ మాస్టారు, టోపీ మీద చెయ్యి వేసి. “మా అమ్మాయి వస్తోంది.”